పరీక్షావిమానమును గుర్తించుట

మా కుందుర్పి ప్రాంతమున జనులు తలయెత్తి చూచునది సాధారణముగా మేఘముకొఱకే. నడుమ విమానము కనబడినచో, అది బాటసారియో, పరీక్షార్థము వచ్చినదో తెలియుట యెట్లు? బాటసారి యొక దిక్కుగా సాగిపోవును. పరీక్షావిమానము తిరిగి తిరిగి బయలుదేఱిన చోటికే మరలును. బెలూగా ఎక్స్‌ఎల్ అను సరకుల జెట్టువిమానము 2018 జులై 19న ఫ్రాన్సుదేశపు తూలూజునుండి తొలిసారి యెగసి, 4 గంటల 11 నిమిషములు విహరించి, మరల అచ్చటనే దిగినది. తిమింగిలమును బోలిన దాని నుదురును బాలుడైనను గుర్తింపగలడు.

ఇట్టి పరీక్షలు మాకును దూరమైనవి కావు. మాకు పడమట, చళ్లకెరె తాలూకాలో, రక్షణశాఖవారి పరీక్షాక్షేత్రమున్నది. అచ్చట 2022 జులై 1న, ఱెక్కయే దేహముగా గల చిన్న జెట్టువిమానమొకటి నడుపువాడు లేకయే యెగసి, తనంతట తానే దిగినది. క్రొత్త యంత్రము తప్పినచో క్రింద జనులుండరాదు గదా! అందులకే అంత విశాలమైన బయలు కావలసివచ్చినది.

అయినను ఆ బయలు శూన్యము కాదు. అది అమృతమహల్ కావలు అను పచ్చికబీడు. తరతరములుగా పసులును గొఱ్ఱెలును మేసిన నేల. కరవునాట మేతవిలువ మాకు వేఱుగ చెప్పనక్కఱలేదు. కాపరులు అభ్యంతరము తెలిపిరి. వివాదము జాతీయ హరిత న్యాయాధికరణమువఱకు పోయినది.