సైకిలువానికి బారెడు త్రోవ

నంద్యాలనుండి ఆళ్ళగడ్డకు బోవు రోడ్డుప్రక్క ప్రాతఃకాలమున నిలిచి చూచినచో మన పల్లెల బ్రతుకంతయు నొక్కమారు కన్నులగట్టును. పాలక్యానులు తగిలించుకొని పట్టణమునకు బోవువారు, గడ్డిమోపు కట్టుకొని యింటికి మరలువారు, కూలికి బోవువారు, బడికి బోవు పిల్లలు, వీరిలో ననేకులకు నేటికిని సైకిలే వాహనము. 2017లో ప్రభుత్వము 'బడికొస్తా' యను పథకము క్రింద ఉన్నత పాఠశాలల బాలికలకు సైకిళ్లను పంచినది. ఆ రోడ్డుమీదనే లారీలు, బస్సులు, కార్లు, మన ట్రాక్టర్లు నడచుచున్నవి. వెనుకనుండి వచ్చు పెద్దబండి సైకిలును దాటిపోవు నా కొలది క్షణములలో సైకిలువాని ప్రాణము డ్రైవరు చేతిలో నుండును. ఆ డ్రైవరునకు దాటుట యెట్లో నేర్పువా రెవరు?

ఇది రవాణాధికారుల పని, పోలీసువారి పని, సేద్యగాండ్రకు దీనితో నేమి యని కొందరు తలంపవచ్చును. కాని సైకిలుపై బోవువాడు మన కూలి, మన బిడ్డ, మన పొరుగువాడు. వెనుక వచ్చు ట్రాక్టరు మనది. దానిని నడపువాడు మనము కూలి యిచ్చి పెట్టుకొన్నవాడు. ప్రక్కరాష్ట్రపు లారీ డ్రైవరునకు మనము పాఠము చెప్పజాలము గాని మన డ్రైవరునకు చెప్పగలము. గావున నీ విషయమున మొదటి బాధ్యత మనదే యని మా యభిప్రాయము.

మన రోడ్లు రెండు విధములు. మొదటిది కర్నూలునుండి నంద్యాల, ఆళ్ళగడ్డ, కడపల మీదుగా బోవు 40వ నెంబరు జాతీయరహదారి. 2010లో నెంబర్లు మార్చుటకు పూర్వము దీనిని 18వ నెంబరుగా పిలిచెడివారు. ఇప్పు డది నాలుగు వరుసలది గనుక సైకిలును దాటుట యచట సులభము. కుడివైపు వరుస ఖాళీగా నున్నదో లేదో అద్దములో జూచుకొని, పూర్తిగా ఆ వరుసలోనికి మారి, దాటినపిమ్మట తిరిగి ఎడమకు రావలెను. సగము చక్రము తన వరుసలోనే యుంచి, సైకిలువానిని మట్టి యంచునకు నెట్టి పోవుట దాటుట గాదు. రెండవది శిరివెళ్లమెట్ట, బత్తలూరు మొదలగు చోట్ల రహదారినుండి విడివడి గ్రామములకు బోవు సన్నని రోడ్లు, కాలువగట్ల త్రోవలు. కష్టమంతయు నిచటనే.

సైకిలు గీత గీచినట్లు తిన్నగా నడచు బండి గాదు. బరువుతో మెల్లగా బోవునప్పు డది అటునిటు తూగును. గుంత వచ్చినచో సైకిలువాడు కుడికి దప్పుకొనును. వెనుక ధ్వని వినబడి కుడిభుజము మీదుగా తిరిగి చూచినచో హ్యాండిలు గూడ కుడికే మరలును. దగ్గరకు వచ్చి హారను గట్టిగా మ్రోగించిన డ్రైవరు తాను హెచ్చరించితి ననుకొనును గాని, ఉలికిపడి యతడు తన చక్రముల క్రిందికే వచ్చునట్లు చేయుచున్నాడు. పెద్దబండి వేగముగా దాటునప్పు డుపుట్టు గాలి మొదట నతనిని బయటికి ద్రోసి, పిమ్మట లోపలికి లాగును. ఈ తూగులకెల్ల చోటు విడుచుటయే దాటువాని ధర్మము.

ఎంత చోటు విడువవలెను? బ్రిటనులో 2022లో సవరించిన రోడ్డు నియమావళి, గంటకు 48 కిలోమీటర్ల వేగమువరకు కనీసము 1.5 మీటర్లు విడువవలెననియు, అంతకు మించిన వేగమున నింకను హెచ్చుగా విడువవలెననియు చెప్పుచున్నది. జర్మనీలో 2020 నుండి ఊళ్లలో 1.5 మీటర్లు, ఊరి బయట 2 మీటర్లు. 1.5 మీటర్లనగా దాదాపు ఐదడుగులు. మన డ్రైవర్లకు మీటర్ల లెక్క యక్కరలేదు. రెండు చేతులు చాచినచో నొక బార, అనగా నాలుగు మూరలు, ఆరడుగులు. సైకిలువానికిని మన బండి యంచునకును నడుమ బారెడు చోటుండవలె నని చెప్పిన చాలును.

ఇప్పుడు లెక్క జూతము. గ్రామపు రోడ్డు 3.75 మీటర్ల వెడల్పున్నచో సుమారు పండ్రెండడుగులు. సైకిలువాడు అంచునుండి అడుగున్నర లోపలికి నడచును. అతడును హ్యాండిలును గలిసి రెండున్నర యడుగులు. పిమ్మట బారెడు, అనగా ఆరడుగులు. ట్రాలీ వెడల్పు ఆరడుగులే యనుకొన్నను మొత్తము పదునారడుగులైనది. వరిగడ్డి యంచులు దాటి వ్రేలాడుచున్న ట్రాలీ యైనచో నింకను హెచ్చు. పండ్రెండడుగుల రోడ్డులో పదునారడుగులు పట్టవు. కనుక నట్టిచోట దాటరాదు. సైకిలువాని వెనుక మెల్లగా బోయి, వెడల్పైన తావు వచ్చి యతడు ప్రక్కకు నిలిచినప్పుడో, కుడివైపు గట్టి నేల దొరకినప్పుడో దాటవలెను.

వేచియుండుటచే నష్టమెంత? గంటకు 20 కిలోమీటర్లు నడచు ట్రాక్టరు, 12 కిలోమీటర్లు నడచు సైకిలు వెనుక అరనిమిషము వేచినచో 100 మీటర్లు పోవును. ఆ దూరమును తన వేగముతో 18 సెకనులలో బోయియుండును. నష్టము 12 సెకనులు మాత్రమే. దాటుటకు పట్టు కాలము మాత్రము మనము తలంచునంత తక్కువ గాదు. ట్రాక్టరు, ట్రాలీ, సైకిలు పొడవులతో గూడ ముందు వెనుకల పది పది మీటర్ల యెడము లెక్కించినచో పదుమూడు సెకనులు పట్టును. అంతలో ట్రాక్టరు 70 మీటర్లకు పైగా ముందునకు బోవును. ఎదుటినుండి 60 కిలోమీటర్ల వేగమున వచ్చు లారీ 215 మీటర్లకు పైగా దగ్గరపడును. కనుక ముందు 300 మీటర్లు తేటగా కనబడనిది సైకిలును దాట మొదలిడరాదు.

ట్రాక్టరు డ్రైవరు ముఖ్యముగా మరువరానిది వెనుకనున్న ట్రాలీ. తన సీటు సైకిలును దాటినంతనే దాటుట ముగిసెనని తలచి ఎడమకు త్రిప్పినచో, ట్రాలీచక్రములు ట్రాక్టరు జాడను విడిచి లోపలివైపునకు కోసికొని వచ్చి సైకిలువానిపై బడును. సైకిలు అద్దములో స్పష్టముగా, చాల వెనుకగా కనబడినపిమ్మటనే ఎడమకు రావలెను.

చట్టమును గూడ నెరిగియుండుట మంచిది. ముందు రోడ్డు తేటగా కనబడని మలుపులయందును, ఇతరులకు అపాయము గలుగుచోటులందును దాటగూడదని నిబంధనలు గలవు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళి 15వ నియమము ప్రకారము లైసెన్సు పరీక్షలో సురక్షితముగా దాటుటయు నొక యంశము. 2019 సవరణ తరువాత, చట్టవిరుద్ధముగా దాటుట 184వ సెక్షనులో అపాయకరమైన నడకగా జేర్పబడినది. మొదటి తప్పునకే ఆరు మాసములనుండి ఏడాదివరకు ఖైదు గాని, వెయ్యి మొదలు ఐదువేల రూపాయలవరకు జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. లైసెన్సు లేనివానికి బండి నిచ్చిన యజమానియు శిక్షార్హుడే. మైనరు బాలునిచే నడిపించినచో తండ్రికో, యజమానికో మూడేండ్లవరకు ఖైదు, 25 వేల రూపాయల జుల్మానా గలవు.

అయినను శిక్షకంటె శిక్షణ మేలు. ఇంగ్లండులో వెస్టు మిడ్‌లాండ్సు పోలీసులు 2016లో నొక పద్ధతి నారంభించిరి. మామూలు దుస్తులతో పోలీసువాడు సైకిలుపై బోవును. అతనిని మరీ దగ్గరగా దాటిన డ్రైవరును ముందున్న సహచరు లాపుదురు. నేలపై పరచిన పట్టామీద సైకిలును, విడువవలసిన దూరమును జూపి యక్కడనే పాఠము చెప్పుదురు. ఆ పద్ధతిని పిమ్మట ఇతర ప్రాంతముల పోలీసులు ననుసరించిరి.

మనకు పట్టా యక్కరలేదు, కళ్లము చాలును. పిల్లలను దూరముగా నుంచి, ముగ్గుపిండితో పండ్రెండడుగుల రోడ్డు గీయుడు. అంచునుండి అడుగున్నర లోపల సైకిలు నిలిపి, దాని కుడివైపున బారెడు గీయుడు. ఆ గీతకు ఆవల ట్రాలీ నుంచినచో నది రోడ్డు వెలుపల నెంత పడునో డ్రైవరే తన కన్నులతో జూచును. పిమ్మట డ్రైవరును సైకిలుపై గూర్చుండబెట్టి, కాళ్లు నేలకానించి యుండగా, వేరొకనిచే ట్రాక్టరును బారెడు దూరమున మెల్లగా నడిపింపుడు. ఇంజను మ్రోత, చక్రముల యెత్తు ప్రక్కవానికెట్లుండునో యతనికి దెలియును. తుదకు ఇంజను ఆపి, అతనిని ట్రాక్టరు సీటుపై గూర్చుండబెట్టి, సైకిలును ట్రాలీ ప్రక్క చోటుచోటుల నిలిపి, ఎచట నది అద్దములో మాయమగునో యడుగుడు. ఈ మూడు పాఠములకు గంటసేపు చాలును. కోతలు మొదలగుటకు ముందు ప్రతి సంఘమును తన సభ్యుల డ్రైవర్లను బిలిచి యిట్లు చేయించవచ్చును.

డ్రైవరునకు నేర్పిన మాత్రమున మన పని ముగియదు. ట్రిప్పునకింత యని కూలి యిచ్చి, 'బిరాన రమ్ము' అని తొందరపెట్టినచో, అతడు కళ్లములో నేర్చినది రోడ్డుపై మరచును. దినకూలి యిచ్చుట మేలు. మరియు వడ్లను, మొక్కజొన్నలను రోడ్డుపై నారబోసి చుట్టు రాళ్లు పేర్చు అలవాటు మనలో గలదు. ఆ ధాన్యము సైకిలువానిని అంచునుండి నడిరోడ్డునకు దరుమును. చీకటిలో నా రాళ్లు కనబడవు. బారెడు త్రోవ విడువుమని డ్రైవరుకు చెప్పుచు, ఆ త్రోవను మనమే ధాన్యముతో నాక్రమించుట న్యాయమా?

సైకిలువారును ఎడమవైపుననే నడువవలెను. అడ్డుకట్ట చుట్టు తిరిగిపోవుటకు బద్ధకించి రహదారిపై నెదురు దిక్కున బోరాదు. రాత్రి వెనుక ఎఱ్ఱని మెరుపుబిళ్ల యుండవలెను. ఫాల్గుణమాసమున అహోబిలపు బ్రహ్మోత్సవములకు దూరప్రాంతములబండ్లు ఆళ్ళగడ్డ మీదుగా బోవునప్పుడు మఱింత జాగ్రత్త యవసరము.

ఎంత జాగ్రత్తపడినను ప్రమాదము జరిగినచో డ్రైవరు పారిపోరాదు. 108కు ఫోను చేసి గాయపడినవానికి వైద్యము చేయించుట చట్టముచే నతనికి విధింపబడినది. సాయపడిన దారినపోవువారికి 2019 సవరణ రక్షణ కల్పించినది గనుక భయపడ నక్కరలేదు. గుద్దిన బండి యేదో తెలియనిచో, 2022 ఏప్రిలు 1 నుండి అమలులోనున్న పథకము ప్రకారము మరణమునకు రెండు లక్షలు, తీవ్రగాయమునకు 50 వేల రూపాయలు పరిహారము గలదు. దీనికై రెవెన్యూ అధికారులకు దరఖాస్తు పెట్టుకొనవలెను.

రైతుసోదరులారా! గట్టు తగవులలో జానెడు నేలకై యేండ్లతరబడి కోర్టుల చుట్టు తిరుగువారిని మన మెరుగుదుము. ఇచట విడువుమని కోరునది మన నేల గాదు, బారెడు రోడ్డు, అదియు కొద్ది సెకనులసేపు. రాబోవు సర్వసభ్య సమావేశమున ప్రతి సంఘమును ఈ విషయమును చర్చకు బెట్టి, కళ్లములో పాఠము జరుగు దినమును నిర్ణయించుకొన వలసినదిగా ప్రార్థించుచున్నాము.