బొగ్గు ధూళి, మే ఎండ, పాత టికెట్లు: మిక్స్‌డ్ మీడియా బొమ్మలో జెల్ మీడియం పనేంటి?

పాత అట్ట టికెట్టు, తాతగారి నియామక పత్రం, చిటికెడు బొగ్గు పొడి, పట్టాల పక్కన దొరికిన తుప్పు బోల్టు. రైల్వే ఊరి జ్ఞాపకాలతో బొమ్మ చేయాలనుకునేవారి బల్ల మీద సాధారణంగా ఉండేవి ఇవే. వీటిని రంగులతో కలిపి ఒకే పలక మీదికి తెచ్చే పద్ధతిని మిక్స్‌డ్ మీడియా అంటారు. వాటిని అతికించి పట్టి ఉంచడానికి ఇప్పుడు ఎక్కువమంది వాడే పదార్థం అక్రిలిక్ జెల్ మీడియం.

చూడటానికి అది తెల్లని జిగురులాగే ఉంటుంది. అందుకే ఫెవికాల్ ఉండగా ఇదెందుకని చాలామంది అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు తెలియకపోతే నష్టపోయేది డబ్బు ఒక్కటే కాదు. ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క ఫొటో, ఒకే ఒక్క కాగితం కూడా పాడైపోవచ్చు.

బిలాస్‌పూర్ ప్రత్యేకత

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ అర్పా నది ఒడ్డున ఉంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఈ ఊరిని జంక్షన్‌గా మార్చింది. 2003 నుంచి ఇది ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు కేంద్రం. అదే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే అటు వాల్తేరు వైపు కూడా నడిచింది. రాయ్‌పూర్, విజయనగరం మధ్య లైను 1931లో పూర్తయింది. రైల్వే ఉద్యోగాల కోసం ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి ఈ దారి పొడవునా ఉన్న రైల్వే కాలనీల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. వారి చరిత్ర పెద్ద పుస్తకాల్లో తక్కువగా, ట్రంకు పెట్టెల్లో ఎక్కువగా దొరుకుతుంది. పాసులు, సర్వీసు కాగితాలు, క్వార్టర్ల ముందు దిగిన ఫొటోలే ఆ చరిత్ర.

వీటితో బొమ్మ చేయడం మంచి ఆలోచనే. కానీ బిలాస్‌పూర్ వాతావరణం ఈ పదార్థానికి కఠిన పరీక్ష పెడుతుంది. మే నెలలో ఎండ తరచుగా 40 డిగ్రీలు దాటుతుంది. వానాకాలంలో గాలి చెమ్మగా ఉంటుంది. కోర్బా గనుల బొగ్గు మోసే గూడ్సు బండ్లు తిరిగేది ఈ డివిజన్‌లోనే. చల్లని దేశాల కళాకారులు చెప్పే కొలతలు ఇక్కడ ఉన్నవి ఉన్నట్టుగా పనికిరావు.

జెల్ మీడియం అంటే ఏమిటి?

అక్రిలిక్ రంగులో రెండు ముఖ్య భాగాలు ఉంటాయి. ఒకటి రంగు పొడి, రెండోది ఆ పొడిని పట్టి ఉంచే అక్రిలిక్ ప్లాస్టిక్. రంగు పొడి లేకుండా ఆ ప్లాస్టిక్‌ను చిక్కగా చేస్తే వచ్చేదే జెల్ మీడియం.

డబ్బాలో ఉన్నప్పుడు అది తెల్లగా ఎందుకుంటుంది? పాలు తెల్లగా ఉండటానికి కారణమేదో దీనికీ అదే. పాలలో సన్నని కొవ్వు కణాలు నీటిలో తేలుతూ వెలుగును చెదరగొడతాయి. జెల్‌లో అక్రిలిక్ రేణువులు అదే పని చేస్తాయి. నీరు ఆవిరయ్యే కొద్దీ రేణువులు దగ్గరకు జరిగి, ఒకదానిలో ఒకటి కలిసిపోయి, అతుకు కనిపించని పొరగా మారతాయి. అప్పుడు తెలుపు పోయి గాజులా పారదర్శకత వస్తుంది. ఆరిన పొర మళ్లీ నీటిలో కరగదు.

ఈ రసాయనం మొదట చిత్రకారుల కోసం పుట్టలేదు. అమెరికా కంపెనీ రోమ్ అండ్ హాస్ 1953లో ఇంటి గోడల రంగుల కోసం నీటితో కలిసే అక్రిలిక్‌ను తెచ్చింది. 1955లో హెన్రీ లెవిసన్ సంస్థ లిక్విటెక్స్ పేరుతో దాన్ని చిత్రకారుల రంగుగా మార్చింది. జెల్‌లు, పేస్టులు ఆ తర్వాత వచ్చినవే.

ఫెవికాల్ చాలదా?

తెల్ల జిగురు కూడా నీటిలో తేలే ప్లాస్టిక్ రేణువులే. అయితే అది పాలీవినైల్ అసిటేట్, అక్రిలిక్ కాదు. చెక్క ఫ్రేము అతకడానికి, సాధన కోసం చేసే బొమ్మలకు అది చాలు. పైకి కనిపించే పొరగా వాడితేనే చిక్కు. మామూలు తెల్ల జిగురు పొర చెమ్మ తగిలితే మెత్తబడి మళ్లీ తెల్లబారుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ పసుపు తిరగవచ్చు, ఆమ్ల గుణంతో కింది కాగితాన్ని దెబ్బతీయవచ్చు. ఒక్క వానాకాలం దాటితే ఈ తేడా కంటికి కనిపిస్తుంది.

అతికించి, నింపి, పైకి లేపే పదార్థాలు మనకు కొత్త కావు. చేర్యాల నకాశీ చిత్రకారులు సుద్ద మట్టి, చింతగింజల పేస్టు, బంక కలిపి గుడ్డకు పూత పూసి పటం సిద్ధం చేస్తారు. చింతగింజల పేస్టులో రంపపు పొట్టు కలిపి బొమ్మలు, ముసుగులు కూడా చేస్తారు. ఛత్తీస్‌గఢ్‌లోనే సర్గుజా ప్రాంతంలోని పుహపుత్రా గ్రామానికి చెందిన సోనాబాయి రాజవార్ తన ఇంటి గోడల మీద మట్టితో మనుషులను, పక్షులను, వెదురు జాలీలను ఉబ్బెత్తుగా తీర్చి పేరు పొందారు. జెల్ కొత్తగా ఇచ్చేది ఒక్కటే. అది పారదర్శకంగా ఉంటుంది కాబట్టి పైపొర కింద ఉన్న వస్తువు కూడా బొమ్మలో భాగమవుతుంది.

ఏ పనికి ఏ జెల్?

సాఫ్ట్ జెల్ పెరుగులా జారుతుంది. కాగితం అతికించడానికి, పలుచని పొరలకు ఇది సరిపోతుంది. హెవీ జెల్ వెన్నలా నిలబడుతుంది. కత్తితో గీసిన గీత చెరిగిపోదు, బోల్టు వంటి బరువైన వస్తువును పట్టి ఉంచుతుంది. మోడలింగ్ పేస్టులో సుద్ద వంటి ఘన పదార్థం కలిపి ఉంటుంది కాబట్టి ఆరాక తెల్లగా, గట్టిగా ఉంటుంది. గోడ పెచ్చు, ఇటుక వరస చూపించడానికి అది మేలు.

గ్లాస్, మ్యాట్ అన్న మాటలు మెరుపుకు సంబంధించినవి మాత్రమే అనుకుంటే పొరపాటు. మెరుపు తగ్గించడానికి మ్యాట్ జెల్‌లో సన్నని పొడి కలుపుతారు. ఒక పొర అయితే తెలియదు, నాలుగైదు పొరలు వేస్తే కింది అక్షరాల మీద మంచు కమ్మినట్టుంటుంది. అందుకే లోపలి పొరలన్నీ గ్లాస్‌తో వేసి, మెరుపు వద్దనుకుంటే చివరి పొర ఒక్కటే మ్యాట్ వేయడం మంచిది.

టికెట్టు నుంచి బొమ్మలోకి

జెల్‌తో చేసే ప్రయోగాల్లో ఎక్కువమందిని ఆకర్షించేది ప్రతిమ బదిలీ. లేజర్ ప్రింటు లేదా జిరాక్స్ కాపీ తీసుకోవాలి. పలక మీద జెల్ రాసి, అచ్చు ఉన్న వైపు కిందికి వచ్చేలా కాగితాన్ని బోర్లించి, గాలి బుడగలు లేకుండా నొక్కి, రాత్రంతా ఆరనివ్వాలి. తర్వాత కాగితాన్ని తడిపి వేళ్లతో మెల్లగా రుద్దితే పీచు ఊడి వస్తుంది, అచ్చు జెల్‌లో ఉండిపోతుంది. జిరాక్స్ టోనర్ కూడా ప్లాస్టిక్ పొడే కావడంతో జెల్ దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. ఇంక్‌జెట్ ప్రింటు అయితే నీటికి సిరా చెదిరిపోవచ్చు.

ఈ పద్ధతిలో అక్షరాలు తిరగబడతాయి. ‘బిలాస్‌పూర్’ అని చదవగలగాలంటే ముందే అద్దంలో కనిపించినట్టు తిప్పి ప్రింటు తీయాలి.

అసలు కాగితాన్ని మాత్రం ఎప్పుడూ వాడకూడదు. బదిలీ చేయాలంటే కాగితం నాశనం కావాల్సిందే. పాత నలుపు తెలుపు ఫొటో పైపొర జెలటిన్, అది తడికి ఉబ్బుతుంది. దాని మీద జెల్ పూస్తే తిరిగి తీయడం దాదాపు అసాధ్యం. థర్మల్ కాగితం మీద ముద్రించిన రసీదులైతే వేడికి, కాలానికి వాటంతట అవే మాసిపోతాయి. కాబట్టి ముందు స్కాన్, తర్వాత కాపీ, ఆ కాపీతోనే బొమ్మ. అసలుది మళ్లీ పెట్టెలోకి వెళ్లాలి.

బొగ్గు, తుప్పు

బొగ్గు పొడికి నీరంటే పడదు. నేరుగా జెల్‌లో వేస్తే ఉండలు కడుతుంది. ముందు కొద్దిగా స్పిరిట్‌తో తడిపి ముద్ద చేసి, ఆ తర్వాత కలపాలి. పొడి నూరేటప్పుడు ముఖానికి మాస్కు తప్పనిసరి. జెల్‌లో నీరుంటుంది కాబట్టి పూత లేని ఇనుము దానికి తగిలితే తుప్పు పట్టి చుట్టూ గోధుమరంగు మరక పాకుతుంది. ఆ మరకే కావాలనుకుంటే సరే. వద్దనుకుంటే ఇనుముకు ముందే వార్నిష్ పూసి ఆరబెట్టాలి.

ఎండాకాలం, వానాకాలం

చాలా అక్రిలిక్ పొరలు మామూలు గది ఉష్ణోగ్రతలోనే కొంత మెత్తగా ఉంటాయి. 40 డిగ్రీల్లో ఇంకా మెత్తబడతాయి. అప్పుడు గాలిలోని బొగ్గు ధూళి పొర మీద కూర్చోవడమే కాదు, అందులోకి దిగబడుతుంది. ఇక తుడిచినా పోదు. ఒకదాని మీద ఒకటి పేర్చిన బొమ్మలు అతుక్కుపోయి, విడదీస్తే పెచ్చులు లేస్తాయి. పేర్చక తప్పకపోతే మధ్యలో పాలిథిన్ లేదా బేకింగ్ కాగితం పెట్టాలి. అద్దం బిగిస్తే అది బొమ్మకు తగలకూడదు.

వానాకాలంలో కష్టం వేరు. మందంగా వేసిన జెల్ పైన ముందు తోలు కట్టి, లోపలి నీరు బయటికి పోలేక రోజుల తరబడి తెల్లగానే ఉంటుంది. హెయిర్ డ్రయ్యర్ పెడితే ఆ తోలు ఇంకా తొందరగా కడుతుంది. ఒకే మందపు పొర కన్నా మూడు పలుచని పొరలు వేసి, ఒక్కోటి ఆరాకే తర్వాతది వేయడం మేలు.

ధూళి నుంచి కాపాడటానికి చివర్లో రెండు పనులు చేయాలి. రెండు వంతుల గ్లాస్ సాఫ్ట్ జెల్‌కు ఒక వంతు నీరు కలిపి బొమ్మంతా పలుచగా పూయాలి. అది పూర్తిగా ఆరాక, తర్వాత తొలగించడానికి వీలైన వార్నిష్ వేయాలి. కొన్నేళ్లకు మాసితే వార్నిష్‌ను తీసి కొత్తది వేయవచ్చు. మధ్యలో ఉన్న జెల్ పొర కింది కాగితాలను, రంగులను కాపాడుతుంది.

పెద్ద బొమ్మకు ముందు

జెల్ ఖరీదైనది కాబట్టి మొదటి ప్రయోగం అరచేయంత అట్టముక్కల మీద చేయడం మంచిది. ఒక్కో ముక్క వెనుక జెల్ పేరు, పొరల సంఖ్య, తేదీ రాయాలి. ఒకదాన్ని ఎండ పడే కిటికీ దగ్గర, ఒకదాన్ని వంటగదిలో పెట్టాలి. రెండింటిని ఒకదానికొకటి ఆనించి బీరువాలో ఉంచాలి. ఒక వేసవి, ఒక వానాకాలం గడిచాక వాటిని బయటికి తీస్తే ఏది పసుపు తిరిగిందో, ఏది ధూళి పట్టిందో, ఏవి అతుక్కుపోయాయో తెలుస్తుంది. తాతగారి ఫొటో కాపీని ఏ జెల్‌లో పెట్టాలో నిర్ణయించాల్సింది ఆ ముక్కలను చూశాకే.