కాన్సర్ ఆపరేషన్ తర్వాత మెల్లని మర్దన

కాన్సరు అనే మాట చెవిన పడగానే మనిషి సగం డీలా పడిపోతాడు. ఆపరేషన్ అనగానే మిగతా ధైర్యమూ జారిపోతుంది. ఆదిలాబాద్ వాసులకు దూరాభారం కూడా తోడవుతుంది. 1955లో హైదరాబాద్‌లో వెలసిన మెహదీ నవాజ్ జంగ్ కాన్సర్ ఆసుపత్రికి వెళ్లాలంటే సుమారు 300 కిలోమీటర్లు. నాగపూర్ వెళ్లినా 200 కిలోమీటర్ల ప్రయాణం. ఊరు కాని ఊరు, కుట్ల నొప్పి, 'మళ్లీ ఇల్లు చూస్తానా?' అనే బెంగ. రోగికి నిద్ర పట్టదు. పక్కన కూర్చున్న మీకు ఏం చేయాలో తోచదు.

అటువంటప్పుడు మీ చేతులే కొంత సాయం చేయగలవు.

ఎలా పనిచేస్తుంది?

మోకాలికి దెబ్బ తగిలితే మనం వెంటనే అక్కడ చేత్తో రాసుకుంటాం. స్పర్శ కబురు వెన్నుపాములో నొప్పి కబురుకు కొంత అడ్డుపడుతుందని 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రజ్ఞులు వివరించారు. పైగా మెల్లని స్పర్శకు బిగిసిన కండరాలు వదులై, గాభరా తగ్గుతుంది.

న్యూయార్క్‌లోని స్లోన్ కెటరింగ్ కాన్సర్ కేంద్రంలో 1,290 మంది రోగులకు మర్దన చేసి చూశారు. నొప్పి, ఆందోళన వంటి బాధలు దాదాపు సగానికి తగ్గినట్లు 2004లో ప్రకటించారు. అయితే 2008లో వెలువడిన మరో పరిశీలనలో, ముదిరిన కాన్సరుతో బాధపడే 380 మందిలో కొందరికి మర్దన చేశారు, కొందరికి ఊరికే చేతులు ఆనించి ఉంచారు. అప్పటికప్పుడు మర్దనకే ఎక్కువ గుణం కనిపించింది. కాని ఆ తేడా ఎక్కువ రోజులు నిలవలేదు. కనుక మర్దన చేస్తున్నాం కదా అని నొప్పి మాత్రలు మానరాదు.

ఎలా చేయాలి?

ముందుగా డాక్టరును అడగండి. గోళ్లు కత్తిరించుకుని, ఉంగరాలు తీసి, చేతులు సబ్బుతో కడుక్కోండి. పాదాలు, అరచేతులు చాలు. నువ్వుల నూనె గాని, మన గూడేల్లో వాడే ఇప్ప నూనె గాని నాలుగు చుక్కలు చాలు. పసిబిడ్డకు నూనె రాసినంత మెత్తగా, పది నిమిషాలు నిమరండి. 'హాయిగా ఉందా?' అని అడుగుతూ ఉండండి. వద్దంటే ఆపేయండి.

ఎప్పుడు చేయకూడదు?

కుట్ల మీద, కరెంటు పెట్టిన చోట, సెలైన్ ఎక్కించే చేతి మీద చేయి వేయవద్దు. రొమ్ము ఆపరేషన్‌లో చంక గ్రంథులు తీసివేస్తే ఆ వైపు చేతిని మీరు మర్దించవద్దు. వాపు వస్తే శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టే చూడాలి. జ్వరం ఉన్నా, ఒంటి మీద నల్లమచ్చలు కమిలినట్లు కనిపించినా, కాన్సరు ఎముకలకు పాకినా డాక్టరు చెప్పనిదే మర్దన కూడదు.

అన్నిటికంటే ముఖ్యం: ఆపరేషన్ తర్వాత ఒక కాలి పిక్క వాచి, వేడెక్కి, నొప్పి పెడితే దాన్ని అసలు పిసకకండి. లోపల నెత్తురు గడ్డ కట్టి ఉండవచ్చు. పిసికితే అది కదిలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణం మీదికి తెస్తుంది. వెంటనే డాక్టరుకు చెప్పండి.

మర్దనతో కాన్సరు పాకుతుందా?

పాదాలు, చేతులు మెల్లగా నిమిరితే పాకుతుందనడానికి ఆధారం లేదు. కాని మర్దనతో కాన్సరు నయం కాదు. రొమ్ములో గడ్డ, నోట్లో మానని పుండు కనిపిస్తే పసర్లతో, మాలిష్‌లతో రోజులు గడపకండి. గడ్డను ఎవరి చేతా రుద్దించకండి, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

ఇంటికి వచ్చాక నొప్పి ఎక్కువైతే ఓర్చుకోనక్కరలేదు. ఆదిలాబాద్‌లోనే 2008లో ప్రారంభమైన రిమ్స్ ఉంది. కాగితాలన్నీ తీసుకుని అక్కడ చూపించండి. మందు డాక్టరు ఇస్తాడు. ఆ మందుకు తోడు రోజూ ఓ పది నిమిషాలు మీ చేతి చలువ ఇవ్వండి.