మార్పునకు దారిపటము

క్రొత్త సాధనము ఏది వచ్చినను దాని వెంట రెండు ప్రశ్నలు వచ్చును. క్రొత్తది ఎప్పుడు వచ్చును అనునది మొదటి ప్రశ్న. అది వచ్చిన పిమ్మట పాతదాని గతి యేమి అనునది రెండవ ప్రశ్న. మొదటిదానిని గూర్చి శాస్త్రజ్ఞులు, యంత్రనిర్మాతలు, ప్రభుత్వములవారు ఆలోచించుచునే యుందురు. రెండవది ఇంటింటికిని సంబంధించినది. రేడియో గల గృహస్థులకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. ప్రసార విధానము మారిననాడు ఇంటిలోని పెట్టె మూగవోవును. పెట్టెను కొన్నది మనము. మార్పును నిర్ణయించినవారు వేరొకరు. ఈ రెండు ప్రశ్నలకును ఒకే కాగితముపై సమాధానము వ్రాయు పద్ధతి యొకటి కలదు. దానిని ఇంగ్లీషువారు రోడ్ మ్యాప్ అందురు. మనము దారిపటము అనుకొందము.

దారిపటము సామాన్యమైన పనుల పట్టిక కాదు. పట్టికలో ఏయే పనులు చేయవలెనో, ఎంత సొమ్ము కావలెనో ఉండును. దారిపటములో ఎడమనుండి కుడికి సంవత్సరములు సాగును. పైనుండి క్రిందికి అంతస్తులుండును. పై అంతస్తులో ప్రజల అవసరములు. దాని క్రింద ఆ అవసరములను తీర్చు వస్తువులు, సేవలు. ఇంకను క్రింద ఆ వస్తువులకు కావలసిన శాస్త్రవిజ్ఞానము, యంత్రములు. అన్నిటికంటె క్రింద ధనము, పనివారు, చట్టములు. ఒక అంతస్తునుండి మరియొక అంతస్తునకు గీచిన గీతలే ఈ పటమునకు ప్రాణము. ఇది సిద్ధమైన గాని అది మొదలు పెట్టరాదు అని ఆ గీతలు చెప్పును.

మన యిండ్లలో పెండ్లిపనులు ఇట్లే సాగును. ముహూర్తము నిశ్చయమైన పిమ్మట వెనుకకు లెక్కించుకొని, పసుపు దంచుట ఎన్నడు, శుభలేఖలు పంపుట ఎన్నడు, పందిరి వేయుట ఎన్నడు అని పెద్దలు ఏర్పాటు చేయుదురు. ఐతే ముహూర్తము పెట్టుటకు ముందే ఇరుపక్షములవారును సమ్మతింపవలెను. సమ్మతి లేని ముహూర్తము ఎంత దివ్యమైనదైనను పనికిరాదు. దేశములును సంస్థలును గీచుకొను దారిపటములలో తరచుగా మరపునకు వచ్చునది ఈ సంగతియే. గడువు తేదీ పెద్ద అక్షరములతో కనబడును. ఆ తేదీకి ముందు నెరవేరవలసిన షరతు కనబడదు.

ఈ పద్ధతి పుట్టుకకు రేడియోతోనే సంబంధముండుట విశేషము. అమెరికాలోని చికాగో నగరమున 1928లో గాల్విన్ సోదరులు స్థాపించిన కర్మాగారము, 1930లో మోటారు కార్లలో అమర్చు రేడియోను అమ్మకమునకు తెచ్చి దానికి మోటరోలా అని పేరు పెట్టినది. కాలక్రమమున ఆ పేరే కంపెనీకి స్థిరపడినది. స్థాపకులలో ఒకరి కుమారుడైన రాబర్ట్ గాల్విన్ నాయకత్వమున ఆ సంస్థలో దారిపటములు గీయు అలవాటు పెరిగినది. ఆ విధానమును వివరించుచు సంస్థకు చెందిన ఇరువురు 1987లో ఒక వ్యాసము ప్రకటించినారు. వస్తువులు జటిలమగుకొలది, కొన్ని యేండ్ల తరువాత తప్పక కావలసిన అంశమొకటి నేడు ఎవరి దృష్టికిని రాకుండ జారిపోవునేమో యను శంకయే దానికి మూలము. 1990ల దశాబ్దమున అమెరికాలోని సెమీకండక్టర్ పరిశ్రమ అంతయు కలిసి ఉమ్మడి దారిపటమును గీచుకొన్నది. పిదప ఐరోపా, జపాను, కొరియా, తైవాను కూడ అందులో చేరినవి. 2016 వరకు సాగిన ఆ పటమును చూచి, ఏ యేటికి ఎంత సూక్ష్మమైన పనిముట్టు కావలసివచ్చునో కటకములు చేయువారును, రసాయనములు చేయువారును ముందుగనే తెలిసికొనుచుండిరి.

కర్మాగారములో గీచిన పటము తప్పినచో నష్టము ఆ కర్మాగారమునకే. ఒక దేశములోని కుటుంబములన్నిటిని తాకు పటము తప్పినచో ఆ నష్టము ఎవరు భరింపవలెను? ఈ ప్రశ్నకు నార్వే దేశపు రేడియో చరిత్ర చక్కని పాఠము.

నార్వే పొడవైన దేశము. కొండలు, లోయలు, భూమిలోనికి చొచ్చుకొనివచ్చిన సముద్రపు పాయలు దాని స్వరూపము. జనాభా అర కోటికి కొంచెము ఎక్కువ. అట్టి దేశమున ఎఫ్.ఎం. ప్రసారము ఖరీదైన వ్యవహారము. ఎఫ్.ఎం. పద్ధతిలో ఒక్కొక్క కార్యక్రమమునకు ఒక్కొక్క పౌనఃపున్యము ప్రత్యేకింపవలెను. పొరుగు ట్రాన్స్‌మిటరు అదే పౌనఃపున్యముపై పలికినచో రెండు ధ్వనులును కలగలిసి చెడును. కావున లోయ లోయకును వేరువేరు ఏర్పాట్లు కావలెను. డిజిటల్ పద్ధతిలో ధ్వనిని అంకెలుగ మార్చి, పెక్కు కార్యక్రమముల అంకెలను ఒకే కట్టగ కట్టి పంపుదురు. పొరుగు ట్రాన్స్‌మిటర్లు అదే పౌనఃపున్యముపై పనిచేసినను ఒకదానికొకటి అడ్డురాక, తోడ్పడును. దేశమంతటను వినబడు కార్యక్రమములకు ఎఫ్.ఎం.లో ఐదింటికే చోటుండగా, 2017 నాటికి డిజిటల్ పద్ధతిలో 22 కార్యక్రమములు వెలువడినవి. ఒక కార్యక్రమమును ఎఫ్.ఎం. ద్వారా పంపుటకగు వ్యయము డిజిటల్ వ్యయమునకు ఎనిమిది రెట్లని అక్కడి ప్రభుత్వము చెప్పినది.

నార్వే ప్రజాప్రసార సంస్థయగు ఎన్.ఆర్.కె. 1995లోనే డిజిటల్ ప్రసారము ప్రారంభించినది. ఐనను ఎఫ్.ఎం.ను ఆపు నిర్ణయము తొందరగ చేయలేదు. 2011లో ప్రభుత్వము ప్రతిపాదింపగా పార్లమెంటు ఆమోదించిన దారిపటములో తేదీ ఒకటి కాదు, రెండు ఉన్నవి. వానికి ముందు ఐదు షరతులున్నవి. ఎన్.ఆర్.కె. ముఖ్య కార్యక్రమము ఎఫ్.ఎం.లో ఎంతమందికి అందుచున్నదో డిజిటల్‌లోను అంతమందికి అందవలెను. వాణిజ్య ప్రసారములు జనాభాలో నూటికి 90 మందికైన అందవలెను. శ్రోతకు ఈ మార్పువలన క్రొత్త లాభమేదైన ఉండవలెను. ఈ మూడును నెరవేరని యెడల మార్పే లేదు. నాలుగవది, మోటారు కార్లలో అమర్చుకొనుటకు సరసమైన ధరకు తగిన సాధనములు దొరకవలెను. ఐదవది, ప్రతిదినము రేడియో వినువారిలో సగముమందియైన డిజిటల్ మార్గములలో వినుచుండవలెను. 2015 మొదటికి ఐదును నెరవేరినచో 2017లో ఎఫ్.ఎం. ఆగును, మొదటి మూడే నెరవేరినచో 2019 వరకు ఆగవలెను.

ఈ పటములోని మేలిమి గుణమును గమనింపవలెను. తేదీ ప్రజలను తరుముట లేదు. ప్రజల స్థితి తేదీని నిర్ణయించుచున్నది. షరతులు నెరవేరినవని 2015 ఏప్రిల్‌లో ప్రభుత్వము ప్రకటించినది. 2017 జనవరి 11వ తేదీన, ఉదయము 11 గంటల 11 నిమిషముల 11 సెకండ్లకు, ఉత్తరమున నోర్డ్లాండ్ ప్రాంతములో ఎన్.ఆర్.కె. ఎఫ్.ఎం. ప్రసారము ఆగినది. దేశమునంతటిని ఒక్కసారిగ మార్చలేదు. ఆరు ప్రాంతములుగ విభజించి, ఒకదాని తరువాత ఒకటిగ, డిసెంబరు 13న ట్రోమ్స్, ఫిన్మార్క్ ప్రాంతములతో ముగించినారు. చిన్న స్థానిక కేంద్రములు పెక్కింటికి ఎఫ్.ఎం.లో కొనసాగుటకు అనుమతి యిచ్చినారు. దేశమంతట వినబడు ప్రసారములను ఎఫ్.ఎం.నుండి పూర్తిగ తప్పించిన మొదటి దేశము అదియే.

ఇంత జాగ్రత్తగ గీచిన పటమునందును లోపము లేకపోలేదు. నాలుగవ షరతు కార్లకు సాధనము దొరకవలెనన్నది. అది కార్లలో అమర్చబడి యుండవలెనని యనలేదు. దుకాణములో దొరకుట వేరు, మన బండిలో ఉండుట వేరు. మార్పు ప్రారంభమగునప్పటికి డిజిటల్ సాధనము లేని కార్లు ఇంచుమించు 20 లక్షలని అంచనా. ఒక్కొక్క కారుకు అమర్చుకొను పరికరము ఇంచుమించు 1500 క్రోనులు పలికినది. ఐదవ షరతులో టెలివిజను ద్వారా, ఇంటర్నెట్ ద్వారా వినువారును లెక్కకు వచ్చినారు. వంటయింటిలోని పాత పెట్టె మారకయే, ఆ ఇంటివారు డిజిటల్ శ్రోతలుగ పరిగణింపబడవచ్చును. 2016 డిసెంబరులో ఒక వార్తాపత్రిక జరిపించిన అభిప్రాయ సేకరణలో నూటికి 66 మంది ఈ మార్పును వ్యతిరేకించినారు. మార్పు జరిగిన తొలియేట రేడియో వినువారి సంఖ్య తగ్గినది. షరతు వ్రాయుట ఎంత ముఖ్యమో, దేనిని కొలిచి ఆ షరతు నెరవేరినదనవలెనో నిర్ణయించుటయు అంత ముఖ్యమని దీనివలన తేలుచున్నది.

బ్రిటనులోను ఇట్టి దారిపటమునే 2010లో సిద్ధపరచినారు. అచ్చట 2015 అను సంవత్సరము మాటలలో మెలగినది. కాని వారి కొలబద్ద వేరు. వారు శ్రోతల తలలను లెక్కింపలేదు. రేడియో వినిన గంటలను లెక్కించినారు. మొత్తము గంటలలో సగము డిజిటల్ మార్గములలో గడువవలెను, ప్రసారము ఎఫ్.ఎం.తో సమానముగ వ్యాపింపవలెను. 2013 డిసెంబరులో లెక్క చూచుకొని, ఇంకను సమయము రాలేదని మంత్రి ప్రకటించినారు. సగము గంటల గీత 2018లో గాని దాటలేదు. అప్పటికిని ఎఫ్.ఎం.ను ఆపలేదు, కనీసము 2030 వరకు కొనసాగింపవచ్చునని 2021లో జరిగిన సమీక్ష తేల్చినది. గడువు తప్పినది కనుక ఆ పటము వ్యర్థమైనదని కొందరనవచ్చును. మేము అట్లు తలచుట లేదు. సిద్ధముగలేని కుటుంబములను చీకటిలో త్రోయకుండ ఆపినది ఆ పటమే. ముందుకు పొమ్ము అని చెప్పునదే కాక, ఇప్పుడు నిలువుము అని చెప్పగలిగినదియే నిజమైన దారిపటము.

మన దేశానుభవమును కొంత చూతము. కేబుల్ టెలివిజనును డిజిటల్ పద్ధతికి మార్చుటకు 2011లో చట్టము సవరింపబడి, నాలుగు దశలు నిర్ణయమైనవి. మొదటి దశలో నాలుగు మహానగరములు. వానికి మొదట పెట్టిన గడువు 2012 జూన్ 30. కావలసిన పెట్టెలు ఇండ్లకు చేరనందున అది అక్టోబరు 31కి జరిగినది. రెండవ దశలో 38 నగరములకు గడువు 2013 మార్చి 31. హైదరాబాదు, విశాఖపట్టణము ఈ దశలోనివే. గ్రామములకు వర్తించు చివరి దశ పలుమార్లు వాయిదాపడి 2017 మార్చి 31కి చేరినది. తేదీలు జరుగుటకు కారణము పై అంతస్తులో వెదుకనక్కరలేదు. చట్టము సిద్ధము, యంత్రము సిద్ధము; ఇంటిలోని పెట్టె సిద్ధముగ లేదు.

ఆకాశవాణి ప్రసారములలోను ఇట్టి విషయమే కలదు. మీడియం వేవ్ ప్రసారమును డిజిటల్ పద్ధతిలో పంపగల ట్రాన్స్‌మిటర్లను దేశమున ముప్పదికి పైగా నెలకొల్పినారు. అవి దూరప్రాంతములకు స్వచ్ఛమైన ధ్వనిని పంపగలవు. కాని వానిని అందుకొను రేడియోలు కొన్ని క్రొత్త కార్లలో తప్ప సామాన్య గృహములలో అరుదు. ట్రాన్స్‌మిటరు అంతస్తు ముందునకు సాగి, రేడియో పెట్టె అంతస్తు వెనుకబడినది. ఆ రెంటిని కలుపవలసిన గీత బలహీనమైనచో, పలుకువాడు పలుకుచునే యుండును, వినువాడుండడు. ఏ పెట్టె, ఎంత ధరకు, ఎప్పటికి, ఎన్ని యిండ్లకు అను నాలుగు మాటలు పటములో లేనిదే ఈ కొరత తీరదు.

ఈ విచారము రేడియోతో ముగియునది కాదు. నేడు బ్యాంకు, ఆసుపత్రి, పాఠశాల, పంచాయతీ కార్యాలయము, అన్నియు తమ పనులను డిజిటల్ పద్ధతికి మార్చుకొనుచున్నవి. ఆ మార్పులను కాదనుట మా ఉద్దేశము కాదు. క్రొత్త పద్ధతివలన వ్యయము తగ్గును, కాలము కలిసివచ్చును, క్రొత్త సేవలు పుట్టును. నార్వే శ్రోతకు ఐదు కార్యక్రమములకు మారుగ 22 లభించుట అబద్ధము కాదు. కాని ఎవరైన దారిపటమును మన ముందు పరచినప్పుడు మూడు ప్రశ్నలు అడుగుట మన హక్కు. ఈ తేదీకి ముందు నెరవేరవలసిన షరతులు ఏవి? అవి నెరవేరినట్లు దేనిని కొలిచి చెప్పుదురు? నెరవేరని యెడల ఆగు దారి ఇందులో ఉన్నదా?

ఇంకను ఒక మాట. పటము గీచువారు సాధారణముగ ముందు నడచువానిని చూచి గీయుదురు. క్రొత్త పెట్టెను మొదట కొనువాడు వారికి సుపరిచితుడు. దారి ఎక్కడ బురదయో, ఎక్కడ వంతెన లేదో తెలిసినవాడు చివర నడచువాడు. కొండలోయలో నొంటరిగ నున్న ముసలమ్మ పెట్టెలో తుపాను హెచ్చరిక వినబడునా లేదా అనునదే ప్రసార పరివర్తనమునకు అసలైన పరీక్ష. దారిపటము గీయుటకు ముందు ఆమె ఇల్లు ఎక్కడనున్నదో గుర్తించి, అక్కడినుండి వెనుకకు లెక్కించుకొనుచు వచ్చినచో, పెట్టిన ముహూర్తము తప్పిపోదు. తప్పినను ఎవరికిని నష్టము కలుగదు.