సాఫ్టువేరు ప్రాజెక్టు ఆరంభ దశ

సాఫ్టువేరు ప్రాజెక్టు ఆరంభ దశ అనగా ఒక సాఫ్టువేరు నిర్మాణానికి పూనుకొనే ముందు, అది ఎందుకు కావాలి, ఎవరికి కావాలి, దాని వలన ఎవరి పని ఏ విధంగా మారుతుంది అనే విషయాలను నిర్ణయించి వ్రాతపూర్వకంగా నమోదు చేసే దశ. ప్రోగ్రాములు వ్రాయడం, పరీక్షించడం, అమలు చేయడం వంటివన్నీ దీని తరువాతనే వస్తాయి. ఈ దశలో ముఖ్యమైన పనులు రెండు: ప్రయోజనాన్ని నిర్వచించడం, భాగస్వాములను గుర్తించడం. ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ల శాఖలో 1990వ దశకంలో చేపట్టిన కార్డ్ ప్రాజెక్టు ఈ రెండింటికీ మంచి ఉదాహరణ. అమలాపురం, రాజోలు, కొత్తపేట వంటి కోనసీమ పట్టణాలలో భూమి కొన్నవారికీ, అమ్మినవారికీ ఈ ప్రాజెక్టు ఫలితాలు స్వయంగా తెలుసు.

ప్రాముఖ్యత

సాఫ్టువేరులో పొరపాటు ఎంత ఆలస్యంగా బయటపడితే దానిని సరిదిద్దే ఖర్చు అంత పెరుగుతుందని బారీ బోమ్ 1981లో ప్రచురించిన తన గ్రంథంలో వివరించాడు. ప్రయోజనం విషయంలో జరిగే పొరపాటు అన్నిటికంటే ముందు జరిగి, అన్నిటికంటే చివర బయటపడుతుంది. కనుక ఇదే అత్యంత ఖరీదైన పొరపాటు.

అమెరికాకు చెందిన స్టాండిష్ గ్రూప్ 1994లో వెలువరించిన నివేదిక ప్రకారం, పరిశీలించిన ప్రాజెక్టులలో 31.1 శాతం పూర్తికాకుండానే రద్దయ్యాయి. విజయానికి తోడ్పడిన కారణాలలో వాడుకరుల ప్రమేయం మొదటి స్థానంలో ఉన్నది. 1992 అక్టోబరులో లండన్ అంబులెన్సు సేవలో ప్రవేశపెట్టిన కంప్యూటర్ వ్యవస్థ రెండు రోజులలోనే కుప్పకూలింది. దానిని వాడవలసిన సిబ్బందిని రూపకల్పనలో తగినంతగా కలుపుకోకపోవడం ఇందుకు ఒక కారణంగా విచారణలో తేలింది.

ప్రయోజన నిర్వచనం

"కార్యాలయాన్ని కంప్యూటరీకరించాలి" అనేది ప్రయోజనం కాదు, అది సాధనం మాత్రమే. ప్రయోజనం ఎప్పుడూ మనిషి అవసరం నుండి మొదలవుతుంది. రాజోలు ప్రాంతంలో ఒక రైతు 30 సెంట్ల కొబ్బరితోట కొనదలచాడని అనుకుందాం. ఆ తోట ఇదివరకే తాకట్టులో ఉన్నదా, అన్నదమ్ముల పంపకాలలో మరొకరి పేరు మీదకు వెళ్ళిందా, వేరొకరికి అమ్ముడుపోయిందా అనేది డబ్బు ఇచ్చే ముందు అతనికి తెలియాలి. దీనికి ఆధారం ఎన్‌కంబరెన్స్ సర్టిఫికేట్. దీనినే వాడుకలో ఈ.సి. అంటారు. అది చేతికి రాకముందే బయానా ఇచ్చిన రైతు జీవితకాలపు సంపాదనను పోగొట్టుకొనే ప్రమాదం ఉన్నది.

పాత పద్ధతిలో ఈ.సి. కొరకు గుమాస్తా ఏళ్ళ తరబడి పేరుకున్న ఇండెక్సు పుస్తకాలను ఒక్కొక్కటిగా వెదకవలసి వచ్చేది. ప్రతి దస్తావేజునూ చేతితో పుస్తకాలలోకి ఎత్తి వ్రాసేవారు. భూమి విలువ, స్టాంపు సుంకం ఏ ప్రాతిపదికన లెక్కించారో సామాన్యునికి తెలిసేది కాదు.

1996లో మొదలై, 1998 నవంబరులో రాష్ట్రంలోని అనేక సబ్ రిజిస్ట్రారు కార్యాలయాలలో అమలులోకి వచ్చిన కార్డ్ ప్రాజెక్టు తన ప్రయోజనాలను ఈ ఇబ్బందుల నుండే రూపొందించుకొన్నది. అవి క్లుప్తంగా:

* రిజిస్ట్రేషన్ విధానాన్ని సామాన్యునికి అర్థమయ్యేటట్లు చేయడం
* పనిలో వేగం, నిలకడ, విశ్వసనీయత తీసుకొనిరావడం
* ఆస్తి విలువ నిర్ధారణను పారదర్శకం చేయడం
* చేతివ్రాత నకళ్ళ స్థానంలో దస్తావేజుల చిత్రాలను కంప్యూటరులో భద్రపరచడం
* ఇండెక్సులు, లెక్కలు, నివేదికల పనిని యంత్రానికి అప్పగించడం

మంచి ప్రయోజనానికి కొలత ఉండాలి. "త్వరగా" అనే మాటకు కొలత లేదు. ఈ.సి. నిమిషాలలోనూ, రిజిస్ట్రేషన్ గంట వ్యవధిలోనూ పూర్తి కావాలి అన్నప్పుడు అది నెరవేరినదీ లేనిదీ ఎవరైనా గడియారం చూసి చెప్పగలరు.

పరిధి

ప్రాజెక్టు ఏమి చేయదో చెప్పడం కూడా ఆరంభ దశలో భాగమే. మన దేశంలో రిజిస్ట్రేషన్ అనేది దస్తావేజుకు జరుగుతుంది. యాజమాన్య హక్కుకు ప్రభుత్వం హామీ ఇవ్వదు. అడంగల్, 1-బి వంటి రికార్డులు రెవెన్యూ శాఖ వద్ద ఉంటాయి. ఇవి కార్డ్ పరిధిలోనివి కావు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ రికార్డులు మీభూమి ద్వారా ప్రజలకు అందుబాటులోకి వచ్చినది 2015లో. కనుక ఈ.సి.లో ఏ లావాదేవీ కనబడనంత మాత్రాన అమ్మేవానికి హక్కు ఉన్నట్లు కాదు. పరిధిని స్పష్టంగా ప్రకటించకపోతే ప్రజలు సాఫ్టువేరు ఇవ్వని హామీని దానికి అంటగడతారు.

పాత సమాచారాన్ని ఎంతవరకు ఎక్కించాలి అనేది పరిధికి సంబంధించిన మరొక ప్రశ్న. కంప్యూటరులో లభించే ఈ.సి. సాధారణంగా 1983 నుండి మొదలవుతుంది. అంతకు ముందరి లావాదేవీలకు కార్యాలయంలోని పాత పుస్తకాలనే వెదికించుకోవాలి.

భాగస్వాములను గుర్తించడం

ఒక ప్రాజెక్టు వలన లాభనష్టాలు పొందేవారినీ, దానిని ప్రభావితం చేయగలవారినీ భాగస్వాములు లేక స్టేక్‌హోల్డర్లు అంటారు. ఈ భావనకు ఎడ్వర్డ్ ఫ్రీమన్ 1984లో వ్రాసిన గ్రంథంతో విస్తృత ప్రచారం లభించింది. ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ తన ప్రామాణిక గ్రంథం 5వ కూర్పులో, 2013లో, భాగస్వాముల నిర్వహణను ప్రత్యేక విభాగంగా చేర్చింది.

రిజిస్ట్రేషన్ వ్యవస్థకు భాగస్వాములు ఎవరో పరిశీలిస్తే జాబితా చాలా పెద్దది:

* కొనుగోలుదారులు, అమ్మకందారులు: వీరిలో చదువురానివారు, వేలిముద్ర వేసేవారు కూడా ఉంటారు.
* దూరప్రాంత యజమానులు: కోనసీమ నుండి గల్ఫ్ దేశాలకు, హైదరాబాదుకు వెళ్ళినవారు అనేకులు. వారి తరఫున పవర్ ఆఫ్ అటార్నీ పొందినవారు సంతకం చేస్తారు.
* సబ్ రిజిస్ట్రార్లు, గుమాస్తాలు: ప్రతి దినం వ్యవస్థను నడిపేవారు వీరే.
* దస్తావేజు లేఖరులు, స్టాంపు వెండర్లు: వీరి జీవనోపాధి పాత పద్ధతి మీద ఆధారపడి ఉన్నది.
* బ్యాంకులు, సహకార సంఘాలు: అప్పు ఇచ్చే ముందు వీరికి ఈ.సి. కావాలి.
* ప్రభుత్వం: స్టాంపు సుంకం రాష్ట్ర ఆదాయంలో ముఖ్యమైన భాగం.
* చట్టసభ, న్యాయస్థానాలు: కంప్యూటరులోని ప్రతికి చట్టబద్ధత లేకపోతే సాఫ్టువేరు ఎంత బాగున్నా నిరుపయోగమే. అందుకే రిజిస్ట్రేషన్ చట్టానికి రాష్ట్ర స్థాయిలో సవరణ అవసరమయినది.

జాబితా వ్రాయడంతో పని పూర్తి కాదు. ఒక్కొక్కరి విషయంలో మూడు ప్రశ్నలు వేసుకోవాలి. వీరికి ఏమి లభిస్తుంది? వీరు ఏమి కోల్పోతారు? వీరు సహకరించకపోతే ఏమవుతుంది? ఆరంభ సమావేశాలకు పిలవనివారు రెండవ ప్రశ్న దగ్గరే ఎక్కువగా కనబడతారు.

విమర్శలు, అనుభవాలు

కార్డ్ వలన ఈ.సి.లు, నకళ్ళు పొందడం వేగవంతమైనదని సుభాష్ భట్నాగర్ 2000లో ప్రపంచ బ్యాంకు కొరకు చేసిన అధ్యయనంలో పేర్కొన్నాడు. అయితే జొనాథన్ కేస్లీ 2004లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ప్రచురించిన వ్యాసంలో దీనిని విమర్శించాడు. ప్రజలు ఇంకా దస్తావేజు లేఖరుల ద్వారానే కార్యాలయానికి వెళుతున్నారనీ, అనధికార చెల్లింపులు ఆగలేదనీ అతని వాదన.

ఈ రెండు అభిప్రాయాలకూ పొత్తు కుదరకపోలేదు. యంత్రం చేసే పని వేగవంతమైనది. మనుషుల మధ్య సంబంధం మాత్రం మారలేదు. దస్తావేజు భాష సామాన్యునికి అర్థం కానంతకాలం అతనికి మధ్యవర్తి కావలసిందే. లేఖరి కేవలం దళారి కాదు, చదువురానివానికి ధైర్యం చెప్పి వెంట నడిచేవాడు కూడా. విధానాన్ని అర్థమయ్యేటట్లు చేయాలనే మొదటి ప్రయోజనం నెరవేరాలంటే అతని పాత్ర ఏమిటో ఆరంభంలోనే తేల్చవలసి ఉంటుంది. 2023లో ఆంధ్రప్రదేశ్‌లో కార్డ్ ప్రైమ్ పేరుతో, ప్రజలే స్వయంగా దస్తావేజు తయారుచేసుకొనే వీలున్న కొత్త సాఫ్టువేరును ప్రవేశపెట్టినప్పుడు లేఖరులు ఆందోళనకు దిగడం ఈ ప్రశ్న పాతికేళ్ళ తరువాత కూడా మిగిలే ఉన్నదని తెలుపుతుంది.

ఆరంభ పత్రం

ఆరంభ దశ ముగిసేసరికి ఒక చిన్న పత్రం తయారు కావాలి. దీనిని ప్రాజెక్టు చార్టర్ అంటారు. ఇందులో సమస్య, ప్రయోజనం, దాని కొలత, పరిధి, భాగస్వాముల జాబితా, ప్రధాన బాధ్యుడు, అంచనా వ్యయం, గడువు, ముందుగా కనబడుతున్న ప్రమాదాలు ఉంటాయి. రెండు మూడు పుటలకు మించనవసరం లేదు. కళాశాల ప్రాజెక్టు చేసే విద్యార్థులకు కూడా ఇది ఉపయోగకరం.

ఈ పత్రాన్ని పరీక్షించడానికి సులభమైన పద్ధతి ఒకటి ఉన్నది. దానిని ఆ సాఫ్టువేరు ఎవరి కొరకో వారికి, వారి భాషలో చదివి వినిపించాలి. తోట కొనబోతున్న రైతు దానిని విని, తనకు ఏమి లభిస్తుందో, ఏమి లభించదో తిరిగి చెప్పగలిగితే ప్రయోజన నిర్వచనం సరిగా ఉన్నట్లే. చెప్పలేకపోతే ప్రోగ్రాము వ్రాయడానికి ఇంకా సమయం రాలేదని గ్రహించాలి.