గిల్టు నగలో గోపురమూ, సముద్రమూ

“మెరిసేదంతా బంగారం కాదు” అని మనమందరం చిన్నప్పుడు కాపీ పుస్తకంలో పదేసి సార్లు రాసినవాళ్ళమే. కాని బంగారం కానిది బంగారంలా ఎట్లా మెరుస్తుందని మనం అడగనూ లేదు, పంతులుగారు చెప్పనూ లేదు. ఈ ఏడు లేబరేటరీలో మైలుతుత్తం ద్రావణంలోకి కరెంటు పంపి కార్బన్ కడ్డీకి రాగి పూత పట్టించాం. మా నాయన టమోటా తోటకు కొట్టే మైలుతుత్తమే అది! కడ్డీ ఎర్రగా మెరిసేసరికి అమ్మ మెడలోని హారం గుర్తొచ్చింది. ఆ హారం సంగతి చివర మనవి చేస్తాను. ముందు దాని శాస్త్రం చూద్దాం.

మా నిమ్మనపల్లె పక్క వీటిని గిల్టు నగలంటారు. కొందరు కవరింగ్ అంటారు. కోస్తా వారికి చిలకలపూడి నగలంటే చప్పున తెలుస్తుంది. చిలకలపూడి కృష్ణా జిల్లా మచిలీపట్నంలో ఒక భాగం. మచిలీపట్నం పాతకాలపు రేవు. ఇంగ్లీషు వర్తకులు 1611లో అక్కడికి వచ్చారు; డచ్చివారూ వర్తకం చేశారు. కలంకారీ బట్టలు అక్కడి నుంచే ఓడలెక్కేవి. ఆ ఊరికి తర్వాత పేరు తెచ్చినది రోల్డుగోల్డు. పలుచని బంగారు రేకును రాగి మీద పెట్టి, వేడితో, ఒత్తిడితో అతికించి, రోలర్ల మధ్య సాగదీస్తే రోల్డుగోల్డు అవుతుంది. నేడు ఎక్కువగా నడిచేది కరెంటుతో పూత పోసే పద్ధతి.

ఈ హారం ఒకటి చేతిలోకి తీసుకొని నిదానంగా చూడండి. పతకం మధ్య లక్ష్మీదేవి, అటూ ఇటూ రెండు స్తంభాలు, పైన తోరణం. అంటే అది చిన్న గుడే! ఆ తోరణం రెండు కొసలా ఉండే జంతువు మకరం. ఏనుగు తొండం, మొసలి నోరు, చేప తోక కలిసిన నీటి జంతువు, వరుణదేవుని వాహనం. విష్ణుమూర్తి చెవులకు ఉండేవి మకర కుండలాలే. బుట్టకమ్మలు గుడి శిఖరంలా గుండ్రంగా ఉండి, కింద ముత్యాలు వేలాడుతుంటాయి. లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీద 16వ శతాబ్దపు చిత్రాల్లో స్త్రీల మెడలు, చెవులు చూసినవారికి నేటి నగల వంశవృక్షం అర్థమవుతుంది. సముద్రం కంటితో చూడని మా ఊరి ఆడవాళ్ళు కూడా శంఖాన్నీ, ముత్యాన్నీ, మకరాన్నీ ఒంటి మీద మోస్తున్నారన్నమాట. మనమే కాదు, ప్రాచీన గ్రీకులు కూడా అలలాంటి చుట్టల వరుసను ఆలయాల అంచుల మీదా, నగల మీదా వేసుకున్నారు.

సముద్రంలో నిజంగా బంగారం కరిగి ఉంది. జర్మనీ రసాయన శాస్త్రజ్ఞుడు ఫ్రిట్జ్ హేబర్ దాన్ని తీసి దేశం యుద్ధపు అప్పు తీరుద్దామని 1920లలో ఓడలెక్కి తిరిగాడు. తాననుకున్న దానికంటే చాలా చాలా తక్కువ ఉందని తేలి మానుకున్నాడు. కాబట్టి సముద్రం మన నగలకు ఇచ్చింది ఆకారాలే గాని బంగారం కాదు.

ఇక పూత విషయం. రాగి లేదా ఇత్తడి నగను ఆసిడ్‌లో కడిగి, జిడ్డు తీసి, చాలాసార్లు నికెల్ పూత వేస్తారు. లేకపోతే రాగి మెల్లగా బంగారంలోకి చొరబడి రంగు మారుస్తుంది. తర్వాత పొటాషియం గోల్డ్ సైనైడు ద్రావణంలో ముంచి, నగను బ్యాటరీ ఋణధ్రువానికి కలుపుతారు. బంగారం నగ మీద పేరుకుంటుంది. ఎంత పేరుకుంటుంది? ఫారడే సూత్రంతో లెక్క కట్టవచ్చు. హారం ఉపరితలం 50 చదరపు సెంటీమీటర్లనీ, పూత మందం 1 మైక్రాననీ అనుకుందాం. బంగారం సాంద్రత 19.3. పట్టే బంగారం సుమారు 97 మిల్లీగ్రాములు, అంటే గ్రాములో పదో వంతుకు లోపే. దానికి కావలసిన విద్యుత్తు 47 కూలుంబులు. పావు ఆంపియరు కరెంటుతో మూడు నిమిషాల పని. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లని గుర్తుంచుకోండి. చౌక నగల్లో ఈ ఒక్క మైక్రాను కూడా ఉండదు.

ఇందులో ఒక తమాషా ఉంది. కరెంటు ఎత్తైన చోట్లకు ఎక్కువగా పోతుంది. అందుచేత గోపురం అంచుకూ, మకరం కోరకూ పూత మందంగా పట్టి, పల్లాల్లో పలుచగా పడుతుంది. పల్లాలు కాస్త నల్లబడినా నష్టం లేదు. చెక్కడం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అదే నున్నని గాజైతే చిన్న గీత పడినా గుట్టు రట్టే. గుడి చెక్కడం గిల్టుకు అచ్చివచ్చింది అందుకే.

పూత అరిగిన చోట చెమట తగిలి రాగి పచ్చబడుతుంది. మెడ మీద మరక పడుతుంది. నికెల్ కొందరికి దురద పెడుతుంది. కనుక వాడాక మెత్తని బట్టతో తుడిచి, గాలి తగలకుండా దాచుకోవాలి. పూత పోసేవారి కష్టం వేరు. సైనైడులో ఆసిడ్ కలిస్తే ప్రాణం తీసే వాయువు పుడుతుంది. మన కుప్పానికి పొరుగున ఉన్న కోలారు గనుల్లో, 2001లో మూతపడేదాకా, రాతిపొడి నుంచి బంగారాన్ని కరిగించి తీసింది కూడా సైనైడుతోనే. ఆ దిబ్బలు ఇప్పటికీ ఉన్నాయి. చౌక నగ కోసం ఎవరి ఊపిరీ పోకూడదు. గాలి ఆడే గది, చేతి తొడుగులు, మురుగునీటి శుద్ధి ఉండి తీరాలి.

మోసపోకుండా ఉండటమెట్లా? ఆర్కిమెడీసు మార్గం ఉంది. 20 గ్రాముల 22 కారట్ల నగ నీటిలో సుమారు 1.1 ఘనపు సెంటీమీటర్ల చోటు తీసుకుంటుంది, రాగిదైతే 2.2. (రాళ్ళు పొదిగినవాటికీ, లోపల డొల్లగా ఉన్నవాటికీ ఈ లెక్క పనికిరాదు.) అంతకంటే సులువు, 2023 ఏప్రిల్ నుంచి హాల్‌మార్కు నగ మీద తప్పనిసరి అయిన ఆరు అక్షరాల గుర్తింపు సంఖ్యను చూసుకోవడం.

ఇప్పుడు అమ్మ హారం సంగతి. అక్క పెళ్ళిలో అమ్మ వేసుకున్నది గిల్టు హారమే. చుట్టాలావిడ ఒకరు దగ్గరికొచ్చి పతకం తిప్పి చూసి, “ఏం వదినా, గిల్టా?” అంది. నాకు తల కొట్టేసినట్లయింది. అమ్మ మాత్రం నవ్వి, “అవును వదినా, గిల్టే. అసలుది బ్యాంకులో ఉండాది. టమోటాకు రేటొస్తే ఇంటికొస్తాది” అంది. ఆవిడ మరి మాట్లాడలేదు. తన మెడ వైపు చెయ్యి పోనిచ్చుకొని, “నాదీ అంతేలే” అని మెల్లగా అంది.

విద్యార్థి మిత్రులారా, గిల్టును బంగారమని అమ్మితే అది మోసం. గిల్టని చెప్పి వేసుకుంటే అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఆ రోజు తల దించుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. సైన్సు చదువుకుంటున్నదీ నేనే!