గిటారు స్పీకరు పెట్టె ఐ.ఆర్. సేకరణకు మైక్రోఫోను ఎంపిక

గిటారు స్పీకరు పెట్టె ప్రచోదన ప్రతిస్పందన అనగా ఎలక్ట్రిక్ గిటారు ఆంప్లిఫయరుకు కలిపే స్పీకరు పెట్టె తన గుండా వెలువడే ధ్వనిని ఏ విధంగా మారుస్తుందో తెలిపే ఒక చిన్న డిజిటల్ ధ్వని ఫైలు. సంగీతకారులు దీనిని ఇంపల్స్ రెస్పాన్స్ అని, క్లుప్తంగా ఐ.ఆర్. అని పిలుస్తారు. దీని నిడివి సాధారణంగా కొన్ని పదుల మిల్లీసెకన్లు మాత్రమే. గిటారు నుండి వచ్చే సంకేతాన్ని కన్వల్యూషన్ అనే గణిత ప్రక్రియ ద్వారా ఈ ఫైలుతో కలిపితే, ఆ పెట్టె ఎదుట మైక్రోఫోను పెట్టి రికార్డు చేసినట్లు వినిపిస్తుంది.

పేరులో స్పీకరు పెట్టె అని ఉన్నప్పటికీ ఈ ఫైలులో పెట్టె ఒక్కటే ఉండదు. దాని ముందు నిలిపిన మైక్రోఫోను, అది ఉన్న చోటు, గది గోడల ప్రతిధ్వని కూడా అందులో కలిసిపోతాయి. ఒకసారి కలిసిన తరువాత వీటిని పూర్తిగా విడదీయడం సాధ్యం కాదు. అందువలన ఐ.ఆర్. తయారీలో మైక్రోఫోను ఎంపిక ఉపకరణాల జాబితాలో ఒక అంశం కాదు. ఆ పెట్టెను ఎవరి చెవితో వినాలో నిర్ణయించుకోవడం వంటిది.

ఐ.ఆర్. అవసరం

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ హైదరాబాదు నడిబొడ్డున దగ్గరదగ్గరగా ఉన్న పేటలు. చిక్కడపల్లిలో శ్రీ త్యాగరాయ గానసభ, నగర కేంద్ర గ్రంథాలయం ఉన్నాయి. నారాయణగూడలో పలు కళాశాలలు కలవు. అశోక్ నగర్ పోటీ పరీక్షల శిక్షణా కేంద్రాలకు, వసతి గృహాలకు పేరు పొందినది. ఒక గదిలో గిటారు సాధన చేసే యువకుడు, గోడకు అవతల గ్రూప్స్ పరీక్షకు చదువుకునే అభ్యర్థి ఉండటం ఇటువంటి పేటలలో వింత కాదు.

గిటారు స్పీకరు ఎంత బిగ్గరగా మోగుతుందో అంకెలలో చూస్తే సమస్య అర్థమవుతుంది. బ్రిటిష్ సంస్థ సెలెస్టియన్ తయారుచేసే వింటేజ్ 30 అనే 12 అంగుళాల స్పీకరుకు కేవలం 1 వాటు విద్యుచ్ఛక్తి ఇస్తే, 1 మీటరు దూరంలో 100 డెసిబెళ్ళ ధ్వని వస్తుంది. భారతదేశపు శబ్ద కాలుష్య నిబంధనలు, 2000 ప్రకారం నివాస ప్రాంతాలలో పరిమితి పగలు 55 డెసిబెళ్ళు, రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు 45 డెసిబెళ్ళు. సొంత స్థలంలో వాయించుకున్నా, ఆ స్థలం సరిహద్దు వద్ద ధ్వని ఈ పరిమితిని 5 డెసిబెళ్ళకు మించి దాటరాదు. 100కు, 55కు మధ్య తేడా చూడటానికి 45 మాత్రమే కానీ, డెసిబెల్ లాగరిథమిక్ కొలత కనుక ధ్వని తీవ్రతలో ఇది 30 వేల రెట్లకు పైగా తేడా. గోడలు కొంత ఆపుతాయి. కానీ గిటారు మందర తంత్రి మూల పౌనఃపున్యం సుమారు 82 హెర్ట్జ్. ఇంత తక్కువ పౌనఃపున్యం గల ధ్వనిని మామూలు ఇటుక గోడ అంతగా అడ్డుకోలేదు.

ఐ.ఆర్. ఉంటే స్పీకరును మోగించనవసరం లేదు. ఆంప్లిఫయరు సంకేతాన్ని లోడ్ బాక్సు అనే పరికరానికి ఇచ్చి, అక్కడ నుండి కంప్యూటరులోని ఐ.ఆర్. గుండా పంపి, హెడ్‌ఫోన్లలో వినవచ్చు. వాల్వు ఆంప్లిఫయరు అయితే స్పీకరు గానీ లోడ్ బాక్సు గానీ లేకుండా ఎన్నడూ నడపరాదు. అందులోని అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయే ప్రమాదం ఉన్నది.

2006లో వచ్చిన ఫ్రాక్టల్ ఆడియో వారి ఆక్స్-ఎఫ్ఎక్స్ వంటి పరికరాలతో వాడుకరులు తమకు నచ్చిన ఐ.ఆర్.లను చేర్చుకొనే పద్ధతి వ్యాపించింది. సెలెస్టియన్ సంస్థ తన స్పీకర్ల ఐ.ఆర్.లను 2017 నుండి తానే అమ్ముతున్నది. అయినా తన సొంత పెట్టె నాదం కావాలనుకొనేవారు దానిని తామే సేకరించుకోవలసి ఉంటుంది.

సేకరణ విధానం

పూర్వం తుపాకీ పేల్చి గానీ, బెలూను పగులగొట్టి గానీ సభామందిరాల ప్రతిస్పందనను కొలిచేవారు. ఇప్పుడు ఎక్కువగా వాడేది సైన్ స్వీప్ పద్ధతి. 20 హెర్ట్జ్ నుండి 20,000 హెర్ట్జ్ వరకు క్రమంగా పైకి పోయే ఒకే స్వరాన్ని పది సెకన్ల పాటు స్పీకరులో మోగించి, మైక్రోఫోనుతో రికార్డు చేసి, దాని నుండి గణితం ద్వారా ప్రతిస్పందనను రాబడతారు. ఇటలీలోని పార్మా విశ్వవిద్యాలయానికి చెందిన ఆంజెలో ఫరీనా 2000లో ఈ పద్ధతి రూపాంతరాన్ని ప్రకటించాడు. స్వరం ఘాతీయంగా పైకి పోయేటట్లు చేస్తే, స్పీకరు కలిగించే వికృతి అసలు ప్రతిస్పందన నుండి కాలంలో వేరుపడి ముందుగా కనిపిస్తుంది. దానిని కత్తిరించి పారవేయవచ్చు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి కలదు. స్పీకరును ఎంత బిగ్గరగా మోగిస్తే అంత మంచి ఐ.ఆర్. వస్తుందనుకోవడం సరికాదు. ఐ.ఆర్. రేఖీయ ప్రవర్తనను మాత్రమే నమోదు చేస్తుంది. పెద్ద ధ్వని వద్ద స్పీకరు పొర అలసి మూలిగే గుణం అందులోకి ఎలాగూ రాదు. పవరు ఆంప్లిఫయరు కూడా వికృతి లేనిదై ఉండాలి. కనుక 1 వాటులో పదవ వంతు శక్తితో, మైక్రోఫోనును స్పీకరుకు అంగుళం దూరంలో పెట్టి, పగటి పూట కొన్ని నిమిషాలలో పని ముగించవచ్చు. రద్దీ పేటలో నివసించడం ఈ ఒక్క పనికి అడ్డంకి కాదు.

డైనమిక్ మైక్రోఫోన్లు

అమెరికా సంస్థ షూర్ 1965లో విడుదల చేసిన ఎస్ఎమ్57 గిటారు పెట్టెల ముందు అత్యధికంగా కనిపించే మైక్రోఫోను. ఇందులో పలుచని పొరకు అతికిన తీగచుట్ట అయస్కాంత క్షేత్రంలో కదిలి విద్యుత్తును పుట్టిస్తుంది. తయారీదారు ప్రకారం దీని పరిధి 40 నుండి 15,000 హెర్ట్జ్. సుమారు 5,000 - 6,000 హెర్ట్జ్ వద్ద దీని స్పందన ఎగువకు లేస్తుంది. గిటారు స్పీకర్ల స్పందన సరిగ్గా 5,000 హెర్ట్జ్ ప్రాంతంలోనే వేగంగా పడిపోవడం మొదలవుతుంది. ఈ పతనాన్ని ఆ లేపు కొంత పూరిస్తుంది. ఎన్నో రికార్డులలో విని విని గిటారు అంటే ఇలాగే ఉండాలని శ్రోతల చెవి అలవాటు పడిన ధ్వని ఇదే.

దీని సున్నితత్వం తక్కువ, 1 పాస్కల్ పీడనానికి 1.6 మిల్లీవోల్టులు. స్పీకరు దగ్గర ఇది లోపం కాదు. పొర ఎదుట 114 డెసిబెళ్ళు ఉంటే పీడనం 10 పాస్కల్స్ అవుతుంది, మైక్రోఫోను 16 మిల్లీవోల్టులు ఇస్తుంది. మామూలు ఆడియో ఇంటర్‌ఫేసుకు ఇది ధారాళంగా సరిపోతుంది. అయితే సున్నితత్వం తక్కువ కావడం వలన స్పీకరు ధ్వనితో పోల్చితే వీధి శబ్దం తగ్గదు.

సభలలో, ఆర్కెస్ట్రాలలో పాటకు వాడే ఎస్ఎమ్58 (1966) దీనికి తోబుట్టువు వంటిది. తలపైన గుండ్రని జాలీ ఉండటం వలన లోపలి పొర స్పీకరుకు కొంత ఎడంగా ఉంటుంది. ఎస్ఎమ్57 దొరకనివారు దీనితో మొదలుపెట్టడంలో తప్పు లేదు. ఈ రెండింటికీ నకిలీలు విరివిగా ఉన్నాయి. నకిలీతో తీసిన ఐ.ఆర్. వినడానికి బాగుండవచ్చును గానీ, దానికి ఎస్ఎమ్57 అని పేరు పెట్టడం ఇతరులను తప్పుదారి పట్టించడమే.

1960 నాటి సెన్‌హైజర్ ఎమ్‌డి 421 పెద్ద పొర గలది. మందర స్థాయి నిండుగా ఉంటుంది, దానిని తగ్గించుకొనేందుకు ఐదు స్థానాల మీట ఉన్నది.

రిబ్బను మైక్రోఫోన్లు

వీటిలో తీగచుట్ట ఉండదు. అతి పలుచని అల్యూమినియం పట్టీ అయస్కాంతాల మధ్య కదులుతుంది. పై స్థాయిలను మెత్తగా వినిపిస్తుంది. 1998లో వచ్చిన రోయర్ ఆర్-121, అంతకు చాలా ముందు 1957లో వచ్చిన బేయర్‌డైనమిక్ ఎమ్160 ఈ రంగంలో ప్రసిద్ధమైనవి. వికృతి ఎక్కువగా గల గిటారు ధ్వనిలో చెవిని గీకే కరకుదనాన్ని తగ్గించడానికి రిబ్బను మంచి ఎంపిక. ఆర్-121 ముందు నుండి, వెనుక నుండి సమానంగా వింటుంది కనుక, వెనుక నున్నటి గోడ ఉంటే గది ధ్వని చేరిపోతుంది. పట్టీ సున్నితమైనది. స్పీకరు పొర నుండి నేరుగా వచ్చే గాలి తోపుకు సాగిపోగలదు. 48 వోల్టుల ఫాంటమ్ విద్యుత్తు లోపమున్న తీగ గుండా చేరితే పాడవగలదు. అంగుళం దూరం డైనమిక్‌కు సరి, రిబ్బనుకు అరచేయి వెడల్పు మేలు.

కండెన్సరు, కొలత మైక్రోఫోన్లు

1967 నాటి నాయ్‌మాన్ యు87 వంటి కండెన్సర్లు సూక్ష్మ వివరాలను పట్టుకుంటాయి. నేటి యు87 ఎఐ తట్టుకోగల గరిష్ఠ ధ్వని 117 డెసిబెళ్ళు, తగ్గింపు మీట వేస్తే 127. బిగ్గరగా మోగే స్పీకరుకు దగ్గరగా పెట్టినప్పుడు ఈ హద్దు దాటితే మైక్రోఫోను సొంత వికృతి ఫైలులో చేరుతుంది. తక్కువ శక్తితో స్వీప్ చేసేవారికి ఈ భయం లేదు.

విద్యార్థులకు సహజంగా కలిగే సందేహం: అన్ని పౌనఃపున్యాలకు సమంగా స్పందించే కొలత మైక్రోఫోను, ఉదాహరణకు బెరింగర్ ఇసిఎమ్8000, వాడితే పెట్టె నిజస్వరూపం తెలుస్తుంది కదా? తర్కం బాగానే ఉన్నది. కానీ స్పీకరుకు దగ్గరగా పెడితే పొరలో ఆ ఒక్క చోటి ధ్వనే పడుతుంది, పెట్టె మొత్తం ధ్వని కాదు. మొత్తం ధ్వని కోసం 1 మీటరు వెనుకకు జరిపితే గది అడ్డువస్తుంది. పలకలు పరచిన నేలకు అర మీటరు ఎత్తున స్పీకరు, అంతే ఎత్తున 1 మీటరు దూరంలో మైక్రోఫోను ఉన్నాయనుకొందాం. నేల నుండి పరావర్తనం చెందిన ధ్వని నేరు ధ్వని కంటే సుమారు 41 సెంటీమీటర్లు ఎక్కువ ప్రయాణించి 1.2 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఈ వ్యతికరణం వలన 420 హెర్ట్జ్ దగ్గర లోతైన గుంట పడుతుంది. అది గిటారుకు ప్రాణమైన మధ్యస్థాయి. మేడ పైన ఆరుబయట కొలిస్తే గోడల బెడద తప్పుతుంది. గాలి, ఇరుగుపొరుగువారి బెడద మొదలవుతుంది. ఇంతా చేసి వచ్చిన ఫలితం చాలామందికి చప్పగా తోస్తుంది. శ్రోతలు దశాబ్దాలుగా విన్నది పెట్టెను కాదు, మైక్రోఫోను గుండా వచ్చిన పెట్టెను.

ఎస్ఎమ్57తో తీసి, తరువాత దాని స్పందన పటాన్ని గణితం ద్వారా తీసివేయవచ్చునా అంటే, పూర్తిగా వీలుపడదు. ఏకదిశా మైక్రోఫోను ధ్వని మూలానికి దగ్గరైన కొద్దీ మందర స్థాయి పెరుగుతుంది. దూరం నుండి కొలిచిన పటంలో ఈ పెరుగుదల ఉండదు.

స్థానం

మైక్రోఫోను మార్చినప్పటి తేడా కంటే, ఉన్న మైక్రోఫోనును స్పీకరు మధ్య నుండి అంచు వైపు రెండు సెంటీమీటర్లు జరిపినప్పటి తేడా తరచు ఎక్కువగా ఉంటుంది. మధ్యనున్న గుండ్రని టోపీకి ఎదురుగా ధ్వని మిక్కిలి పదునుగా, టోపీ అంచు వద్ద సమతూకంగా, అంచుకు పోయేకొద్దీ మందంగా ఉంటుంది. రెండవ మైక్రోఫోను కొనే ముందు మొదటిదానితోనే ఈ చోట్లన్నిటిలో స్వీపులు తీసి పోల్చడం వివేకం. స్పీకరు గుడ్డ పైన సుద్దతో గుర్తులు పెట్టుకొంటే మరల అదే చోటు దొరుకుతుంది.

రెండు మైక్రోఫోన్లు

ఎస్ఎమ్57 పదును, రిబ్బను మెత్తదనం కలిపి వాడటం స్టూడియోలలో సాధారణం. రెండింటి పొరలు స్పీకరుకు సమాన దూరంలో ఉండాలి. 10 సెంటీమీటర్ల తేడా ఉంటే 0.29 మిల్లీసెకన్ల ఆలస్యం ఏర్పడి, సుమారు 1,700 హెర్ట్జ్ వద్ద రెండు సంకేతాలు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. తేడా 1 సెంటీమీటరు అయితే ఆ గుంట 17,000 హెర్ట్జ్ దగ్గరకు పోతుంది, అక్కడ గిటారు స్పీకరుకు ధ్వనే ఉండదు. విడివిడిగా తీసిన ఫైళ్ళను కంప్యూటరులో ముందుకు వెనుకకు జరిపి సరిచేయవచ్చు. కనుక రెండింటినీ ముందే కలపక వేర్వేరుగా దాచుకోవలెను.

బయటి శబ్దం

ముషీరాబాదు నుండి చిక్కడపల్లి మీదుగా నారాయణగూడకు పోయే రహదారిపై 2020 ఫిబ్రవరి నుండి మెట్రో రైలు ఎత్తైన మార్గంలో నడుస్తున్నది. కింద బస్సులు, ఆటోలు. స్వీపు నిడివిని రెట్టింపు చేస్తే ఎడతెగని శబ్దంపై సుమారు 3 డెసిబెళ్ళ మేలు కలుగుతుంది. కాబట్టి బిగ్గరగా మోగించడం కంటే పొడవుగా మోగించడం మంచిది. మధ్యలో ఒక హారను మోగితే మాత్రం ఆ స్వీపు పనికిరాదు. గణిత ప్రక్రియలో ఆ హారను ఫైలు అంతటా చిత్రమైన ఈలగా పరచుకొంటుంది, మరల తీయవలసినదే. సీలింగు ఫ్యాను ఆపవలెను. 50 హెర్ట్జ్ గుమ్మనే ధ్వని వినబడితే ఇంటి విద్యుత్ ఎర్తింగు చూసుకోవలెను. పెట్టె చుట్టూ దూది పరుపులు నిలబెట్టడం, బట్టల బీరువా తలుపులు తెరిచి ఉంచడం ఖర్చు లేని ఉపాయాలు.

ఫైలు

48,000 హెర్ట్జ్ నమూనా వేగంతో 2,048 నమూనాలు అంటే సుమారు 43 మిల్లీసెకన్లు. దగ్గరి మైక్రోఫోనుకు ఇది చాలు. గది ప్రతిధ్వని తోక ఎక్కడ మొదలైందో తరంగ చిత్రంలో చూసి, అంతకు ముందే మెల్లగా సున్నాకు దించవచ్చు. ఫైలు పేరులో పెట్టె, స్పీకరు, మైక్రోఫోను, స్థానం, దూరం, తేదీ ఉండాలి. ఆరు నెలల తరువాత ఏ ఫైలు దేనితో తీసినదో చెవి ఒక్కటే చెప్పలేదు.